పక్క పిల్లాడికి సీటు లేనప్పుడు మనం మాగ్నెట్ స్కూల్ అడగొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం వర్జీనియాలో, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో, హెర్న్‌డన్ దగ్గర ఉంటాం. బాబు హైస్కూల్లో పదో తరగతి. స్కూలు కిటకిటలాడిపోతోంది. వాడికి రోజూ రెండు క్లాసులు బయట పెట్టిన తాత్కాలిక ట్రెయిలర్ గదుల్లోనే. పాప రెండో తరగతి. ఏఏపీ లెవెల్ 4కి సెలెక్ట్ అయిందని ఈమధ్యే ఉత్తరం వచ్చింది. సెంటర్ స్కూలుకి పంపాలా, మా ఇంటి చిరునామాకి వచ్చే బేస్ స్కూల్లోనే ఉంచాలా అన్నది ఒక టెన్షన్. అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక పిటిషన్ తిరుగుతోంది. కౌంటీ కొత్తగా కొన్న హైస్కూల్ బిల్డింగును, కౌంటీ అంతటి నుంచీ పిల్లల్ని ఎంచుకునే టీజే లాంటి మాగ్నెట్ స్కూల్ చేయాలి, ఏఏపీ సెంటర్లు పెంచాలి అని. మావారు వెంటనే సంతకం పెట్టేశారు. ఆయన నవోదయలో చదువుకున్నారు, "ఎంట్రన్స్ రాసి సీటు తెచ్చుకోకపోతే నేను ఇక్కడిదాకా వచ్చేవాణ్ణా?" అంటారు. నేనూ పెట్టేదాన్నే, కానీ బస్టాపు దగ్గర పక్కింటావిడ ఒక మాట అంది. "మా అబ్బాయికి ఉన్న స్కూల్లోనే చోటు లేదు, మీకు ఇంకో స్పెషల్ స్కూల్ కావాలా?" అని. నాకు జవాబు తోచలేదు. సంతకం పెట్టాలా, వద్దా? — ఇద్దరు పిల్లల తల్లి

జవాబు:

పెట్టకండమ్మా. మీ పాప తెలివికీ, మీవారి అభిప్రాయానికీ వ్యతిరేకంగా చెప్పడం లేదు. ఆ పిటిషన్‌లో పొంతన లేని రెండు కోరికలను ఒకే కాగితం మీద కట్టేశారు. ఏఏపీ పెంచాలన్నది అడగదగ్గదే, కాకపోతే అడిగిన తీరు తప్పు. మాగ్నెట్ స్కూల్ కోరిక నెరవేరితే మీ బాబుకే నష్టం.

ఈ ఊళ్ల సంగతి తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పబ్లిక్ స్కూళ్లలో సుమారు 1,80,000 మంది పిల్లలున్నారు. వర్జీనియాలో అతి పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్ ఇదే. చురుకైన పిల్లల కోసం ఇక్కడ నడిపే అడ్వాన్స్‌డ్ అకడమిక్ ప్రోగ్రామ్స్‌ను ఏఏపీ అంటారు. అందులో పై మెట్టు లెవెల్ 4. పరీక్ష స్కోర్లు, టీచర్ల అంచనా, పిల్లలు చేసిన పని నమూనాలు అన్నీ కలిపి ఒక కమిటీ చూసి నిర్ణయిస్తుంది. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఈ చదువు నడుస్తుంది. ఎంపికైన పిల్లలు ఏఏపీ సెంటర్ ఉన్న వేరే స్కూలుకి బస్సెక్కి వెళ్లొచ్చు. చాలా బేస్ స్కూళ్లలో "లోకల్ లెవెల్ 4" అని అదే పాఠ్యాంశం చెబుతారు, అక్కడే ఉండిపోవచ్చు. హైస్కూల్ వయసుకి వచ్చేసరికి ఎంపికల గోలంతా టీజే చుట్టూ తిరుగుతుంది. అలెగ్జాండ్రియాలో 1985లో మొదలైన థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ అది. మన తెలుగు ఇళ్లలో ఆ రెండక్షరాలు వినని పిల్లలు అరుదు.

ముందు బిల్డింగ్ సంగతి. కౌంటీకి పడమటి వైపు ఒక కొత్త హైస్కూల్ కావాలన్న మాట ఏళ్ల తరబడి ప్రణాళికల్లో నలుగుతూనే ఉంది. స్థలం దొరక్క, దొరికితే డబ్బు చాలక వాయిదాలు పడింది. డల్లెస్ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, 2022 నవంబరులో సిల్వర్ లైన్ మెట్రో యాష్‌బర్న్ దాకా వచ్చింది, డేటా సెంటర్లూ ఐటీ ఆఫీసులూ వాటి వెంట మనవాళ్లూ వచ్చారు. చాంటిలీ లాంటి హైస్కూళ్లు పిల్లలతో నిండిపోయాయి. ఈలోగా హెర్న్‌డన్ దగ్గరున్న కింగ్ అబ్దుల్లా అకాడమీ అనే ప్రైవేటు స్కూలు మూతపడింది. 2025లో కౌంటీ స్కూల్ బోర్డు దాన్ని 15 కోట్ల డాలర్లకు కొంది. కొన్నప్పుడు అందరి నోటా ఒకటే ప్రశ్న: ఇది చుట్టుపక్కల ఇళ్ల పిల్లల స్కూలా, ఏదో ఒక ప్రత్యేకతతో పిల్లల్ని ఎంచుకునే స్కూలా? మీ గ్రూపులో తిరుగుతున్న పిటిషన్ ఆ రెండో పక్షానిది.

ఒక లెక్క వేసి చూడండి. అందులో 2,000 మంది పడతారనుకుందాం. చుట్టూ గీత గీసి, బాగా నిండిపోయిన నాలుగు హైస్కూళ్ల నుంచి తలా 500 మందిని తీసుకుంటే ఆ నాలుగు చోట్లా ట్రెయిలర్లు కదులుతాయి, లంచ్ పీరియడ్లు తగ్గుతాయి, హాల్‌వేలో పిల్లలు భుజాలు రాసుకోకుండా నడుస్తారు. అదే మాగ్నెట్ చేసి కౌంటీ అంతటి నుంచీ ఎంచుకుంటే? ఇక్కడ హైస్కూళ్లు పాతికకు పైగానే. ఒక్కోదాని నుంచి ఎనభై మంది, అంటే తరగతికి ఇరవై మంది పోతారు. తరగతికి ఇరవై మంది తగ్గితే ఏ స్కూల్లోనూ రద్దీ పెద్దగా తగ్గదు. డబ్బు మొత్తం ఖర్చయిపోతుంది, మీ బాబు లాంటి పిల్లలు ట్రెయిలర్‌లోనే ఉండిపోవచ్చు. మీ పక్కింటావిడ చెప్పిన మాట ఇదే. ఆవిడ గొంతులో ఉన్న మంట మీకు గుచ్చుకున్నట్టుంది గానీ, లెక్క మాత్రం ఆవిడదే సరైంది.

ఆవిడ మాటలో నాకు నచ్చని భాగం ఒకటుంది, "మీకు" అన్నది. ఏఏపీలో ఉన్నవాళ్లంతా మనవాళ్లు కారు, మనవాళ్లంతా ఏఏపీలో లేరు. దాన్ని పట్టుకుని బస్టాపు దగ్గర వాదన పెట్టుకోవద్దు. "మా అబ్బాయి కూడా ట్రెయిలర్‌లోనే కూచుంటున్నాడండీ" అని చెప్పండి. ఆవిడకి ఆ సంగతి తెలిసుండదు.

ఇక టీజే పేరు. పిటిషన్‌లో "టీజే లాంటి" అన్న మాట ఊరికే రాలేదు. 2020 దాకా అక్కడ ఎంట్రన్స్ పరీక్ష ఉండేది. ఆ ఏడాది ఎంపికైన 486 మందిలో 73 శాతం ఏషియన్ పిల్లలు. నల్లజాతి పిల్లలు పదిమంది కూడా లేరు. ఆ ఏడాది చివర్లో బోర్డు పరీక్షనూ, వంద డాలర్ల అప్లికేషన్ ఫీజునూ తీసేసింది. సీట్లను 550కి పెంచింది. ప్రతి పబ్లిక్ మిడిల్ స్కూల్ నుంచి ఎనిమిదో తరగతి పిల్లల్లో 1.5 శాతం మందికి చోటు ఉంచింది. మరుసటి ఏడాదికి ఏషియన్ పిల్లల వాటా 54 శాతానికి దిగింది. మన తల్లిదండ్రులు చాలామంది కోపంతో ఊగిపోయారు, కేసు నడిచింది. కింది కోర్టు 2022లో వాళ్ల పక్షాన తీర్పిచ్చింది, 2023లో అప్పీల్ కోర్టు దాన్ని తిప్పేసింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఈ పిటిషన్‌లో సగం ఆ పాత కోపమేనని నా అనుమానం.

ఆ కోపంలో న్యాయం బొత్తిగా లేదని నేననను. ఏళ్లుగా కష్టపడి చదివిన పిల్ల, ఒక్క గీత అవతల మిడిల్ స్కూల్లో ఉన్నందుకు సీటు పోగొట్టుకుంటే ఆ ఇంట్లో ఏడుపు నిజమైనదే. కానీ మీవారితో మాట్లాడేటప్పుడు ఒక సంగతి గుర్తు చేయండి. నవోదయ ఎంట్రన్స్ కూడా వట్టి మార్కుల పోటీ కాదు. జిల్లాకొక స్కూలు, ఆరో తరగతిలో 80 సీట్లు, అందులో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. టౌనులో కాన్వెంటు చదువు చదివినవాడికి ఎక్కువ మార్కులొచ్చినా ఆ సీట్లు పల్లెవాళ్లవే. మీవారు పల్లె నుంచి వచ్చినవారైతే ఆ నియమం నీడలోనే చదువుకున్నారు. అది ప్రతిభకు అన్యాయమని అప్పుడెవరూ ఆయనతో అనలేదు, అనకూడదు కూడా. ఇక్కడి 1.5 శాతం దానికి దూరపు చుట్టమే. అదీగాక మన దగ్గర 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులం గానీ, తర్వాతి నవోదయలు గానీ బడి లేని చోట, ఉన్నా మంచి చదువు లేని చోట కొత్తగా కట్టినవి. పక్క ఊరి బడిలో పిల్లలు వరండాలో కూచుంటుంటే, వాళ్ల కోసం కొన్న బిల్డింగును తీసుకుని నవోదయ చేయలేదు. ఆయన ఉదాహరణ మంచిదే, ఇక్కడ మాత్రం అతకదు.

ఇంకో మాట, కాస్త కటువుగానే చెబుతాను. పరీక్ష తీసేసిన మొదటి ఏడాది టీజేకి సుమారు 3,000 మంది అప్లై చేశారు. 550 మందికి వచ్చింది. మిగతా రెండువేల నాలుగొందల పైచిలుకు పిల్లలు ఎక్కడికి వెళ్లారు? చాలామంది ఇంటి పక్క హైస్కూలుకే. టీజే కోచింగుకని ఆరో తరగతి నుంచి శనివారాలన్నీ కారు తిప్పిన తల్లిదండ్రుల్లో కూడా ఎక్కువమంది పిల్లలు చివరికి చేరేది ఆ ట్రెయిలర్లున్న స్కూలుకే. మనం పిటిషన్లు మాత్రం ఆ 550 సీట్ల గురించే రాస్తాం. బేస్ హైస్కూల్లో కెమిస్ట్రీ ల్యాబ్ చాలడం లేదని, కౌన్సెలర్ ఒక్కరే వందలమందిని చూస్తున్నారని మన గ్రూపుల్లో ఒక్క ఫార్వర్డ్ వచ్చినట్టు నాకు గుర్తులేదు.

సెంటర్లు పెంచాలన్న కోరిక ఇంత తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. తరగతి కంటే రెండు మూడేళ్లు ముందున్న పిల్లలు నిజంగానే ఉంటారు. వాళ్లను ఊరికే కూచోబెడితే చదువు మీద విసుగు పుడుతుంది. డబ్బున్నవాళ్లు ప్రైవేటుకి పోతారు, లేనివాళ్లకు పబ్లిక్ స్కూల్లో ఇలాంటి క్లాసు తప్ప దిక్కు లేదు. అందుకే "ఏఏపీ ఎత్తేయండి" అనేవాళ్లతో నేను ఏకీభవించను. పెంచాలనే అంటాను. కానీ పెంచాల్సింది క్లాసును, సెంటర్‌ను కాదు.

తేడా ఎక్కడుందో మీరే చూడొచ్చు. కౌంటీ ఏటా క్యాపిటల్ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ అని ఒక పత్రం విడుదల చేస్తుంది, అందరూ సీఐపీ అంటారు. అందులో ఒక్కో స్కూలుకి ఎంతమంది పడతారు, ఎంతమంది ఉన్నారు, ఎంత శాతం నిండింది అన్నది ఉంటుంది. మీ బేస్ స్కూల్ వరసా, మీ పాపకు చెప్పిన సెంటర్ స్కూల్ వరసా పక్కపక్కన పెట్టుకోండి. కొన్ని చోట్ల సెంటర్ పొంగిపొర్లుతుంటే, దానికి పిల్లల్ని పంపే బేస్ స్కూల్లో గదులు మిగిలి ఉంటాయి. పొద్దున్నే ఒకే వీధిలోకి రెండు పసుపు బస్సులు వస్తాయి, ఒకటి బేస్‌కి, ఒకటి సెంటర్‌కి. డ్రైవర్లు దొరకడమే గగనమైన రోజుల్లో ఇది. సెంటర్లు పెంచితే ఈ తంతు ఇంకా పెరుగుతుంది. ప్రతి స్కూల్లోనూ గట్టి లెవెల్ 4 క్లాసు ఉంటే పిల్లలు ఉన్నచోటే ఉంటారు, గదులు వాటంతట అవే సర్దుకుంటాయి. అయితే ఎలిమెంటరీ సర్దుబాటుతో హైస్కూల్ రద్దీ తీరుతుందని మాత్రం అనుకోవద్దు. అక్కడి రద్దీకి కారణం ఏఏపీ కాదు, ఇళ్లు పెరగడం. దానికి మందు కొత్త స్కూలూ, కొత్త బౌండరీలే (ఏ ఇంటి పిల్లలు ఏ స్కూలుకో చెప్పే గీతలు). దాదాపు నలభై ఏళ్ల తర్వాత కౌంటీ మొత్తం బౌండరీలను తిరగేసే పని పెట్టుకున్నది కూడా అందుకే. ఇంటి రేటు పడిపోతుందని బౌండరీ మార్పును అడ్డుకునేవాళ్లే రద్దీ గురించి ఎక్కువ గోల చేస్తుంటారు, అది వేరే కథ.

లోకల్ లెవెల్ 4 మీద మన గ్రూపుల్లో ఒక పెద్ద ఫిర్యాదు ఉంది: "అక్కడ సెలెక్ట్ కాని పిల్లల్ని కూడా కూచోబెడతారు" అని. నిజమే. ఒక స్కూల్లో లెవెల్ 4 పిల్లలు పన్నెండు మందే ఉంటే క్లాసు నిండదు. మిగతా కుర్చీల్లో ప్రిన్సిపల్ తనకు తగినవాళ్లనిపించిన పిల్లల్ని వేస్తారు. దాన్ని ప్రిన్సిపల్ ప్లేస్‌మెంట్ అంటారు. ఇందులో నష్టమేమిటో నాకు అర్థం కాదు. పక్కన కూచున్న పిల్ల కూడా అదే పుస్తకం చదువుతూ, అదే లెక్క చేస్తుంటే మీ పాపకు తగ్గేదేముంది? రెండో తరగతిలో ఒక పరీక్ష రోజు జ్వరంతో కూచున్న పిల్ల, అప్పీలుకని ప్రైవేటు సైకాలజిస్టు దగ్గర ఐక్యూ టెస్టు చేయించే స్తోమత లేని ఇంటి పిల్ల, ఈ దారిలోనే లోపలికి వస్తారు. నాకైతే మొత్తం ఏర్పాటులో ఇదే బాగా నచ్చిన భాగం.

పక్క కౌంటీలో ఇంకో పద్ధతి ఉంది. లౌడన్‌లో 2018లో అకాడమీస్ ఆఫ్ లౌడన్ అని లీస్‌బర్గ్‌లో తెరిచారు. అక్కడ సైన్స్ అకాడమీకీ, ఇంజనీరింగ్ అకాడమీకీ ఎంపికైన పిల్లలు రోజు విడిచి రోజు వెళతారు. మిగతా రోజుల్లో సొంత హైస్కూల్లోనే ఉంటారు. స్నేహితులు పోరు, ఫుట్‌బాల్ టీం పోదు, అక్కడి టీచర్లకూ చురుకైన పిల్లలు దూరం కారు. బస్సులో పోయే సమయం మాత్రం ఎక్కువే. ఫెయిర్‌ఫాక్స్‌లో మాగ్నెట్ కావాలని పట్టుబట్టేవాళ్లు ఇలాంటిది అడిగితే నేను వింటాను: కొత్త బిల్డింగ్ చుట్టుపక్కల పిల్లలదే, అందులో ఒక వింగ్‌లో ప్రత్యేక కోర్సులు, ఇతర స్కూళ్ల పిల్లలు కొన్ని పీరియడ్లకు వచ్చి పోతారు. ఇది కొత్త ఆలోచనేం కాదు. చాంటిలీ హైస్కూల్లో ఉన్న అకాడమీ అలాగే నడుస్తోంది.

కాబట్టి పిటిషన్‌ను పక్కన పడేయకుండా మీరే తిరగరాయండి. పెద్ద ఇంగ్లీషేం అక్కర్లేదు. కొత్త హైస్కూల్ బౌండరీ స్కూలుగానే ఉండాలి. ప్రతి ఎలిమెంటరీలో, ప్రతి మిడిల్ స్కూల్లో పూర్తిస్థాయి లెవెల్ 4 క్లాసు ఉండాలి, దానికి శిక్షణ ఉన్న టీచరు ఉండాలి. అలాంటి క్లాసు కుదురుకునే దాకా ఉన్న సెంటర్‌ను మూయకూడదు. ఈ మూడూ చాలు. ఇలాంటి కాగితం మీద మీ పక్కింటావిడ కూడా సంతకం పెడుతుంది. బోర్డు సభ్యుల దగ్గర దానికుండే విలువ, ఒక్క తెలుగు గ్రూపు నుంచే వచ్చిన మూడొందల సంతకాలకు ఉండదు.

సిటిజెన్లం కాదు, ఓటు లేదు, మన మాటెవరు వింటారు అనుకుంటున్నారేమో. స్కూల్ బోర్డులో పన్నెండు మంది ఉంటారు, తొమ్మిది మంది ఒక్కో ప్రాంతం నుంచి, ముగ్గురు కౌంటీ మొత్తానికి. మీ ప్రాంతం సభ్యురాలికో సభ్యుడికో మెయిల్ రాయడానికి ఓటరు కార్డు అక్కర్లేదు. స్కూళ్ల డబ్బులో పెద్ద భాగం కౌంటీ పన్నుల నుంచే వెళుతుంది, ఇంటి పన్ను మీరు నేరుగా కట్టినా, అద్దెలో కలిపి కట్టినా అందులో మీదీ ఉంది. మీటింగులో మాట్లాడాలంటే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. దొరికేది రెండు మూడు నిమిషాలే. టీజే కేసు గురించి ఎత్తకండి, ఆ మాట వినగానే సగం గది ఒకవైపు, సగం గది ఇంకోవైపు బిగుసుకుపోతుంది. మీ బాబు ట్రెయిలర్ గురించి, మీ పాప ఉత్తరం గురించి చెప్పండి. ఒకే ఇంట్లో రెండూ ఉన్న తల్లి మాటకు బరువు ఎక్కువ.

ఇప్పుడు పాప విషయం. నిర్ణయం తీసుకునే ముందు మీ బేస్ స్కూల్ ప్రిన్సిపల్‌ను కలిసి నాలుగు ప్రశ్నలు అడగండి. మూడో తరగతిలో లెవెల్ 4 పిల్లలు ఎంతమంది? ఆ క్లాసు రోజంతా కలిసి ఉంటుందా, లెక్కలకు మాత్రమేనా? చెప్పే టీచరు ఈ పాఠ్యాంశం ఇంతకు ముందు చెప్పారా? ఐదారు తరగతుల దాకా ఇదే క్లాసు కొనసాగుతుందా? జవాబులు తడబడకుండా వస్తే పాపను అక్కడే ఉంచండి. స్నేహితులుంటారు, నడిచి వెళ్లే దూరమైతే ఇంకా మంచిది. "ఇద్దరు ముగ్గురే ఉన్నారండీ, వారానికోసారి విడిగా కూచోబెడతాం" అంటే మాత్రం మొహమాటపడకుండా సెంటర్‌కే పంపండి. పిటిషన్ మీద సంతకం పెట్టనన్నందుకు పాప అవకాశాన్ని వదులుకోనక్కర్లేదు, అందులో కపటమేమీ లేదు. ఎలిజిబిలిటీ ఎనిమిదో తరగతి దాకా ఉంటుంది కాబట్టి ఇప్పుడు ఉంచేసినా తర్వాత మారొచ్చు. "ఈ ఏడాది పోతే ఇక పోయినట్టే" అని గ్రూపులో ఎవరో అంటే నమ్మకండి.

బాబుకి ఏఏపీతో పని లేదు. మీ హైస్కూల్లో కాలేజీ స్థాయి ఏపీ కోర్సులైనా ఐబీ కోర్సులైనా ఎవరైనా ఎంచుకోవచ్చు, ఎంపిక కమిటీ అంటూ ఏమీ ఉండదు. వచ్చే ఏడాదికి వాడు అడిగిన కోర్సుల్లో సీటు దొరుకుతుందా, రద్దీ వల్ల ఏదైనా వదులుకోవాల్సి వస్తుందా అని కౌన్సెలర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టండి. బౌండరీ మారితే పదకొండు, పన్నెండు తరగతుల వాళ్లను పాత స్కూల్లోనే కొనసాగనిస్తారా అన్నది కూడా అందులోనే అడిగేయండి. జవాబు కాగితం మీద ఉంటే మంచిది. మీవారిని సంతకం వెనక్కి తీసుకోమని పోరకండి. కొత్త పిటిషన్ రాశాక ముందు ఆయనకే చూపించండి, నవోదయ లెక్కతో సహా.